మోతీనగర్ కుందేలు

ఫిల్మ్ నగర్,
హైదరాబాదు,
18-2-1993.

శ్రీవారికి,

అమ్మాజీ నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే నేనూ, మంజులతా, రెండు గుర్రాలూ, నాలుగు మేకలూ, పద్నాలుగు పావురాలూ, గేటు తీసిన ప్రతివాడి పిక్కలూ పట్టుకునే మన బాతులూ అన్నమాట. మీరూ, మీ వెంట వచ్చిన ఎడ్ల జతా కోనసీమలో కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ ఉత్తరం సోమవారం నాడు నెగెటివ్ డబ్బాలు తెచ్చిన వ్యానులో అందింది. ఆ వ్యాను రేపు పొద్దున్నే మళ్లీ రాజోలు వస్తుందట. అందుకని వంటిల్లు సర్దేసి, మధ్యాహ్నమే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఉత్తరం కాస్త పెద్దదే అవుతుంది. భోజనం చేశాక చదవండి.

మీరు అడిగిన వాటికి జవాబులు. తెల్లగుర్రం గిట్ట మానింది. బంజారా హిల్స్ నుంచి డాక్టరుగారు వచ్చి చూసి, ఇంకో వారం రాళ్ల మీద నడిపించొద్దన్నారు. ఫిల్మ్ నగర్‌లో రాళ్లు లేని చోటు ఎక్కడుందో చెప్పి వెళ్లండి డాక్టరుగారూ అన్నాను. నీళ్ల ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తోంది. మంజులతకి లెక్కల్లో ఈసారి మార్కులు మీరు భయపడినంత ఘోరంగా ఏమీ లేవు. నా మోకాలు సంగతి అడిగారు, సంతోషం. పెళ్లయిన పదిహేనేళ్లకి మొదటిసారి అడిగారు. బాగానే ఉంది.

ఇక మిగిలినవి రెండు. కుందేళ్ల పని ఏమైంది, నేను చెప్పినట్టే చేశావా అన్నది ఒకటి. "నువ్వు ప్రొడక్షన్ కారులో తిరుగుతున్నావని ఇక్కడ మేకప్ వాళ్లు చెప్పుకుంటున్నారు, ఏమిటి కథ" అన్నది రెండోది. ఆ రెంటికీ జవాబు ఒకటే. మొదటినుంచీ చెబుతాను, మధ్యలో కోపం తెచ్చుకోకుండా వినండి.

డైరెక్టరు సత్యనారాయణమూర్తి గారి సినిమాలో షాటు మీకు తెలిసిందే. జబ్బుపడిన పాప అరుగు మీద కూర్చుని ఉంటే, కుందేలు దానంతట అది వాకిలి దాటుకుని వచ్చి ఒళ్లో కూర్చోవాలి. మధ్యలో కట్ లేదు, ముక్కలుగా తీసి అతికించడాలు లేవు. ఒకటే షాటు. దాన్ని ఒప్పుకున్నది మీరు. ఒప్పుకుని, ఎడ్లని లారీ ఎక్కించుకుని మీరు గోదావరి దాటేశారు. వెళ్తూ నాకు మూడు ముక్కల్లో చెప్పిపోయారు. శామీర్‌పేట బాలనర్సయ్య దగ్గర ఒకే పోలిక ఉన్న తెల్లవి మూడు తే. ముందురోజు మేత ఆపు. కాలికి నైలాన్ దారం కట్టు, అసిస్టెంటు లాగుతాడు. అంతే కదా?

సరే, అలాగే శామీర్‌పేట వెళ్లాను. బాలనర్సయ్యని తప్పుపట్టడానికి ఏమీ లేదు, ముందే చెబుతున్నాను. గూళ్లు అద్దంలా ఉంచాడు. ఎక్కడా వాసన లేదు. ఆ తోటలో ఆకు రాలితే వినబడేంత నిశ్శబ్దం.

"గివి జూడు చెల్లె, దూది లెక్కున్నయ్. మూడు ఒక్క ఈతల పిల్లలే" అని బుట్టలో పెట్టాడు. "షూటింగ్ అయినంక వాపస్ తే, తీస్కుంట. ఫికర్ జెయ్యకు. చెవిల పచ్చబొట్టు సూసినవా? నా కాడ పుట్టిన ప్రతి పిల్లకు నంబరు పొడుస్త. యాడున్నా నా పిల్లను నేను గుర్తువడ్త."

తిప్పి చూస్తే నిజంగానే చెవి లోపల ఆకుపచ్చగా చిన్న అంకె ఉంది. నాకు ముచ్చటేసింది.

ఇంటికి తెచ్చి, మంజులత పరీక్ష అట్టకున్న క్లిప్పుతో టప్‌మని కొట్టించి చూశాను, సెట్టులో క్లాప్ కొడతారు కదా అని. మూడూ నేలకి అతుక్కుపోయాయి. గంటసేపు మీసం కూడా కదలలేదు. అలవాటు పడతాయిలే అనుకున్నాను. మీరు చెప్పారు కాబట్టి ముందురోజు మేత కూడా ఆపాను. అవి జాలీకి ముక్కులు ఆనించి నా వైపే చూస్తుంటే నాకూ అన్నం సయించలేదు. అయినా ఆపాను. ఆ పాపంలో సగం మీ ఖాతాలో వేసుకోండి.

పోయినది కాక అంతకుముందు ఆదివారం షూటింగు. మీ వెనక బుట్ట మోసుకుంటూ పన్నెండేళ్లుగా గేటుదాకా వచ్చాను గాని, ఫ్లోరు లోపలికి అడుగుపెట్టడం అదే మొదలు. లోపల పెద్ద మండువా ఇల్లు సెట్టు వేశారు. పై నుంచి లైట్ల వేడి. యూనిట్ మొత్తం నా చేతిలో బుట్ట వైపే చూస్తోంది. మొదటి కుందేలుని దింపి, దారం కట్టి వదిలాను. క్లాప్ కొట్టారు. అది ముడుచుకుపోయింది. దారం లాగారు. పిడికెడు బొచ్చు ముద్దలాగా నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది తప్ప నడవలేదు. రెండోదీ అంతే. మూడోదానికి ఆరో టేకులో దారం గట్టిగా లాగారు. అది అరిచింది.

కుందేలు అరుస్తుందని మీరు నాకెప్పుడూ చెప్పలేదేమండీ? నాకు ఆరోజే తెలిసింది. పసిపిల్ల గొంతు. అరుగు మీద పాప బెదిరిపోయి ఏడుపు మొదలెట్టింది. పక్కనే దర్జీ కత్తెర కనిపిస్తే తీసుకుని, వెళ్లి ఆ దారం కత్తిరించేశాను. "ఇంక లాగకండి" అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటాను, ఎందుకంటే పైన లైట్ల దగ్గరున్న వాళ్లు కూడా కిందికి తొంగి చూశారు.

ప్రొడక్షన్ మేనేజరు వీరరాఘవయ్య గారు నన్ను పక్కకి పిలిచారు. "చూడండమ్మా, పాప కాల్షీటు రేపు మధ్యాహ్నం దాకానే ఉందండీ. రేపు తొమ్మిదింటికి ఈ షాటు అయిపోవాలి. అవకపోతే మీ ఆయన్ని ఇంక మా కంపెనీ పిలవదండీ. మేం పిలవలేదని తెలిస్తే మిగతా వాళ్లూ పిలవరు. అది మీకూ తెలుసు."

తెలుసు. పన్నెండేళ్ల మీ కష్టం ఒక్క రోజులో నా చేతిలో పోతోందని తెలుసు. మళ్లీ బాలనర్సయ్య దగ్గరికే వెళ్లి ఏం లాభం? ఆ తోటలో పెరిగిన కుందేలు ఏదైనా క్లాప్‌కి ఇలాగే చచ్చిపోయినంత పని చేస్తుంది. అప్పుడు నాకు మోతీనగర్ కరుణాకుమారి గారు గుర్తుకొచ్చారు. గుర్తుందా? కిందటేడు మన గుర్రాన్ని ఎండలో కట్టేశారని గేటు దగ్గర మీతో పోట్లాడిన టీచరమ్మ. మీరు ఆవిడ మీదకి బాతుల్ని వదిలారు. దిక్కులేని జంతువుల్ని పెరట్లో పెట్టుకుని సాకుతుంటారని అప్పుడే విన్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లడం అనిపించింది. ఆ మొహంతోనే ఆటో ఎక్కాను.

ఎర్రగడ్డ సంతలో ఇరుక్కుని, మోతీనగర్ చేరేసరికి నాలుగైంది. ఆవిడ పెరట్లో సండే స్కూలు జరుగుతోంది. చాపల మీద పాతికమంది పిల్లలు, ఒకడి చేతిలో గిలకల తప్పెట, పాట పాడుతూ చప్పట్లు కొడుతున్నారు. ఆ గోల మధ్యలో మట్టిరంగు కుందేలు ఒకటి, ఎడమ చెవి సగానికి తెగిపోయింది, ఒక పిల్ల ఒళ్లోంచి దిగి ఇంకో పిల్ల ఒళ్లోకి పోతోంది. చప్పట్లు ఆగితే అదీ ఆగుతుంది. మళ్లీ మొదలెడితే కొత్త ఒడి వెతుక్కుంటుంది. వెళ్లిన ప్రతిచోటా ఎవరో ఒకరు కొత్తిమీర కాడ పెడుతున్నారు. నేను గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. లోపలికి రమ్మని ఆవిడ రెండుసార్లు పిలిచారట, నాకు వినబడనేలేదు.

దాని పేరు రూతు అట. ఒక్క రోజుకి ఇప్పించండి, ఏమడిగినా ఇస్తాం అన్నాను.

"అద్దెకి నేను ఇవ్వనండి" అన్నారు కరుణాకుమారి గారు. "ఇంటికి తీసుకెళ్లి బతికినన్నాళ్లూ చూసుకుంటానంటే ఇస్తాను. ఇంకో అయిదారేళ్లు బతుకుతుంది. షూటింగు అయిపోయాక కూడా ఆకలేస్తుంది కదండీ దానికి."

"మా ఆయన పనిలేని జంతువుని ఇంట్లో ఉంచరండీ."

"అయితే వద్దండి" అని ఆవిడ పిల్లల వైపు తిరిగారు. మళ్లీ ఏమనుకున్నారో ఆగి, "దొరికిన కుందేళ్లన్నీ దీనిలాగే ఉంటాయనుకోకండి. షెడ్డులో ఇంకో రెండున్నాయి, చెయ్యి పెడితే కొరుకుతాయి. ఇది మాత్రం నా దగ్గరికి వచ్చిన వారానికే పిల్లల్లో కలిసిపోయింది" అన్నారు.

చూశారా, ఇదీ నా ముందున్న లెక్క. బాలనర్సయ్య కుందేలైతే అందం, ఆరోగ్యం, నంబరు, పని తీరాక వాపసు. మనకి ఏ బాధ్యతా లేదు. రూతు అయితే చెవి తెగింది, రంగు లేదు, వాపసు అన్న మాటే లేదు. పైగా మీ మాట దాటాలి. అరగంట ఆ చాప చివర కూర్చుని ఆలోచించాను. ఈలోగా చప్పట్లు మళ్లీ మొదలయ్యాయి. ఆ కుందేలు నా దగ్గరికి వచ్చి, నా చేతిలో ఏమీ లేకపోయినా ఒళ్లోకి ఎక్కి కూర్చుంది. ఇంక ఆలోచించడం మానేశాను.

మర్నాడు ఎనిమిదింటికే సెట్టుకి వెళ్లి, రూతునీ పాపనీ ఒకచోట కూర్చోబెట్టాను. మేత ఆపలేదు, దారం తేలేదు. పాప కొత్తిమీర పెడుతూ చప్పట్లు కొట్టడం నేర్చేసుకుంది. డైరెక్టరుగారు వచ్చి చూసి నుదురు కొట్టుకున్నారు.

"ఏంటమ్మా ఇది! మట్టి రంగు. సగం చెవి. నేను తెల్ల కుందేలని చిలక్కి చెప్పినట్టు చెబితే!"

వీరరాఘవయ్య గారైతే ఇంకా పైకి వెళ్లారు. "సెంటిమెంటండీ! మొదటి షెడ్యూల్లో చెవి తెగినదాన్ని తెస్తారా? నిర్మాతగారు చూశారంటే ప్యాకప్ చెప్పేస్తారు."

అప్పుడు నేను ఒక మాట అన్నాను. ఏమన్నానో కాస్త ఆగి చెబుతాను. ఆ మాట విన్నాక డైరెక్టరుగారు నన్ను ఎగాదిగా చూసి, "ఒకటే టేకు" అన్నారు.

"క్లాప్ కొట్టాక మీరంతా ఆపకుండా చప్పట్లు కొట్టాలండీ. మాటలు ఎలాగూ తర్వాత డబ్బింగులో చెప్పుకుంటారు కదా, చప్పుడైతే మీకేం నష్టం?" అన్నాను. అందరూ మొహామొహాలు చూసుకున్నారు. కెమెరామన్ గారు నవ్వి, "ఆవిడ చెప్పింది నిజమే కదండీ" అన్నారు.

లైట్లు వెలిగాయి. క్లాప్ పడింది. నేను కెమెరా పక్కన చప్పట్లు మొదలెట్టాను. ఒక్క క్షణం నా ఒక్కదానివే. తర్వాత మేకప్ ఆయన కలిశాడు. తర్వాత పైన లైట్ల వాళ్లు. చూస్తుండగా ఫ్లోరు ఫ్లోరంతా చప్పట్లు. రూతు చెవిన్నర నిక్కబొడుచుకుని ఒకసారి చుట్టూ చూసింది. ఎవరో చుట్టాల పెళ్లికి వచ్చినట్టు, తీరిగ్గా వాకిలి మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చింది. తులసికోట దగ్గర ఆగింది, మళ్లీ కదిలింది. మెట్టు ఎక్కింది. పాప ఒళ్లోకి గెంతి, రెండు గుండ్రాలు తిరిగి, కూర్చుని, పాప చేతిలో తల పెట్టింది. పాప నిజంగా నవ్వేసింది. ఎవరూ నేర్పని నవ్వు. డైరెక్టరుగారు కట్ చెప్పడం మర్చిపోయారు. కెమెరామన్ గారే భుజం తట్టారు.

పది టేకులు లేకుండా అన్నం ముట్టని మనిషి కదా డైరెక్టరుగారు! రెండోది వద్దన్నారు. "అయిపోయింది" అన్నారు, అంతే. అప్పుడు ఎవరూ చెప్పకుండానే మళ్లీ చప్పట్లు కొట్టారండీ. ఈసారి కుందేలు కోసం కాదు. నా వైపు తిరిగి కొట్టారు. రూతు పాపం అదేమీ తెలియక పాప ఒళ్లోంచి దిగి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. నిర్మాతగారికి విషయం తెలిసి, ఆ చెవి తెగినదాన్ని మన ఇంటికి కారులో దింపమన్నారట. మేకప్ వాళ్లు మీకు చెప్పిన కారు అదే. నేను ముందు సీట్లో, రూతు వెనక సీట్లో.

ఇప్పుడు దాచిన మాట. కూర్చునే చదవండి. డైరెక్టరుగారు కాదంటున్నప్పుడు, నా నడుమునున్న గుర్రాల కొట్టం తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఒక్క టేకులో రాకపోతే రెండు గుర్రాలూ మీ కంపెనీకే. మేము ఈ పని మానేసి ఊరు వెళ్లిపోతాం" అన్నాను. మీ ప్రాణంలాంటి గుర్రాల్ని, మీతో ఒక్క మాట చెప్పకుండా, ముందురోజు చూసిన కుందేలు మీద ఒడ్డాను. తప్పే. తిట్టండి, పడతాను. కానీ మళ్లీ అలాంటి పొద్దు వస్తే మళ్లీ అదే చేస్తాను. డైరెక్టరుగారు తాళంచెవి తిరిగి ఇస్తూ, "ఓడిపోయి ఉంటే నిజంగా ఇచ్చేదానివా అమ్మా?" అని అడిగారు. ఇచ్చేదాన్నన్నాను.

నా తప్పు చెప్పేశాను కాబట్టి ఇప్పుడు మీది. మూడు రోజుల తర్వాత తెల్లవాటిని వాపసివ్వడానికి శామీర్‌పేట వెళ్తూ రూతుని కూడా తీసుకెళ్లాను. దాని మంచి చెవిలో నాకు ఒక అంకె కనబడింది, అందుకే. బాలనర్సయ్య చెవి తిప్పి చూసి, "గిది నా పిల్లనే గద చెల్లె! రెండేండ్ల కింద నాలుగు వట్టుకపోయిండు మీ ఆయన. మూడు వాపస్ దెచ్చిండు, ఒకటి సచ్చిపోయిందన్నడు. ఏంది, గిది సచ్చి బతికిందా?" అన్నాడు.

నాకూ మీరు అదే చెప్పారు. కరుణాకుమారి గారికి అది స్టూడియో వెనక సీతాఫలం పొదల్లో, కుక్కలు చెవి కొరికేసి ఉండగా దొరికిందట. అంటే కొన్నదీ, దొరికిందీ అని నేను అరగంట కూర్చుని తూచినవి రెండూ ఒక్క గూటివే. మధ్యలో తేడా మీరు ఒక సాయంత్రం వెతకకుండా లారీ ఎక్కేయడం. రెండు రోజులు మీ మీద చాలా కోపంగా ఉన్నానండీ. అలసిపోయి ఉంటారు, డ్రైవరు తొందర పెట్టి ఉంటాడు, నాకు తెలుసు. అయినా తప్పిపోయింది అని నాతో నిజం చెబితే, నేనే లాంతరు పట్టుకుని వెళ్లి వెతికేదాన్ని. ఇప్పుడు కోపం లేదు. అది వంటింటి వరండాలో నా చీర కుచ్చెళ్లు కొరుకుతూ తిరుగుతోంది. మీరు రాగానే దాన్ని ఒళ్లో పెడతాను. క్షమాపణ చెప్పుకోవాల్సింది దానికే.

ఆఖరి సంగతి. నిన్న వీరరాఘవయ్య గారు కారు వేసుకుని ఇంటికే వచ్చారు. బాతులు ఆయన్ని కూడా వదల్లేదు. కొత్త సినిమా, ఏప్రిల్లో మొదలు. మేకలు, పావురాలు, ఒక ఏనుగుపిల్ల కూడా కావాలట. మీరు వచ్చాక మాట్లాడదామన్నాను. "త్రినాథరావు గారి కోసం రాలేదమ్మా, మీ కోసం వచ్చాను. డైరెక్టరుగారు మీ పేరే చెప్పారు" అన్నారు. రెండు షరతులు పెట్టాను. ఏ జంతువుకీ మేత ఆపం, దారం కట్టం. ఎన్ని తీసుకెళ్తామో అన్నీ తిరిగి ఇంటికి చేరేదాకా ప్యాకప్ చెప్పకూడదు. ఆయన అన్నీ రాసుకుని, ఒప్పందం కాగితం పైన ఎవరి పేరు వేయమంటారు అని అడిగారు.

అమ్మాజీ అని వేయమన్నాను.

మీరు ఎడ్లని జాగ్రత్తగా తోలుకుని త్వరగా వచ్చేయండి. ఏప్రిల్లో నాతో పాటు ఫ్లోరు లోపలికి రావాలి. ఈసారి బుట్ట మీరు మోద్దురు గాని.

ఇట్లు,
మీ ఇంటావిడ
అమ్మాజీ